హెల్ప్ లేకుండా ఎడిటర్ ఇస్తారా?

ఉబుంటు కొత్తగా వేసుకున్న విద్యార్థి టెర్మినల్‌లో వీఐ అని కొడితే తెరుచుకునేది పూర్తి విమ్ ఎడిటర్ కాదు, విమ్-టైనీ అనే కుదించిన రూపం. అది పాత వీఐ పద్ధతిలో నడుస్తుంది. ఇన్సర్ట్ మోడ్‌లో బాణం మీట నొక్కితే కర్సర్ కదలదు, ఏ, బీ, సీ, డీ అక్షరాలు పడతాయి. హెల్ప్ అడిగితే, విమ్-రన్‌టైమ్ ప్యాకేజీ వేసుకోమని చెప్పే చిన్న చీటీ వస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేని కుర్రాడు దాన్ని ఎలా వేసుకుంటాడు?

ఎడిటర్‌ను ఇలా ప్యాకేజీలుగా విడగొట్టడమే తప్పని ఎవరూ అనరు. మానిటర్ లేని సర్వర్‌కు కిటికీలు, మెనూలు గీసే జీటీకే లైబ్రరీలు ఎందుకు? ఉబుంటుకు మూలమైన డెబియన్ అందుకే ఇమాక్స్ ఎడిటర్‌ను ఇమాక్స్-నాక్స్, ఇమాక్స్-జీటీకే అని వేరు చేసింది. ఫెడోరాలో విమ్-మినిమల్, విమ్-ఎన్‌హాన్స్‌డ్ ఉన్నాయి. ఇవి మంచి విభజనలు. వదిలేసిన భాగం లేకపోయినా పని ఆగదు.

కొన్నిటిని మాత్రం కలిపి ఉంచాలి. ఇతర భాషల్లో టైప్ చేసే పద్ధతులను ఇమాక్స్ ఒకప్పుడు లీమ్ పేరుతో విడిగా ఇచ్చేది. 2007లో వచ్చిన 22వ వెర్షన్‌తో దాన్ని ఎడిటర్‌లోనే కలిపేశారు. ఈనాడు ఇమాక్స్ వేసుకున్నవారు తెలుగు-ఐట్రాన్స్ ఎంచుకుని నేరుగా తెలుగు రాసుకోవచ్చు. అది సరైన నిర్ణయం.

ఇమాక్స్ మాన్యువల్ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. అందులోని గ్నూ మేనిఫెస్టో వంటి భాగాలను మార్చకూడదని దాని లైసెన్సు అంటుంది. మార్చే స్వేచ్ఛ లేనిది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని 2006లో డెబియన్ సభ్యులు ఓటు వేసి తేల్చారు. ఫలితంగా మాన్యువల్ నాన్-ఫ్రీ విభాగంలోకి పోయింది. డెబియన్ తన నియమానికి కట్టుబడింది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ తన గురించి తానే చెప్పుకోవడం ఇమాక్స్ ప్రత్యేకత. ఆ పుస్తకాన్ని వేరుచేసే పరిస్థితి తెచ్చిన షరతును ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇప్పటికైనా ఎత్తేయాలి.

విమ్-టైనీకి అంత పెద్ద చర్చ అక్కర్లేదు. రన్‌టైమ్ మొత్తం ఇవ్వనవసరం లేదు. కర్సర్ కదపడం, దిద్దడం, సేవ్ చేయడం, బయటికి రావడం చెప్పే ఒక్క పుటను ఆ చీటీలోనే చేర్చాలి. నాలుగైదు కిలోబైట్లకు మించని ఆ పుట కోసం డెబియన్ కొత్త ప్యాకేజీ ఏదీ చేయనక్కర్లేదు.