ఢోలక్‌పూర్‌లో హమీద్ ఇల్లు ఎక్కడ?

హైదరాబాద్ నుంచి దేశమంతా పాకిన వాటిలో బిర్యానీ తర్వాత చెప్పుకోవాల్సిన పేరు ఛోటా భీమ్. 2008లో పోగో చానల్‌లో మొదలైన ఈ కార్టూన్‌ను తయారుచేసింది రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్. మన షహర్ కంపెనీయే. నాకు ఇది ఫఖర్‌గా అనిపించే విషయం. అందుకే నా షికాయత్ కూడా ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

భీమ్ జట్టును ఒకసారి లెక్కపెట్టండి. భీమ్, చుట్కీ, రాజు, జగ్గు, కాలియా, ఢోలు, భోలు. చార్మినార్ ఉన్న షహర్‌లో పుట్టిన ఈ జట్టులో ఒక సలీం లేడు, ఒక మేరీ లేదు. 'అది రాజుల కాలం నాటి ఊరు కదా' అని జవాబు వస్తుంది. మాట్లాడే కోతి ఉన్న ఊళ్ళో సలీం ఉండటం అంత అసాధ్యమా?

ఉన్నవాళ్ళ సంగతీ చూద్దాం. మా మొహల్లాలో 'కాలియా' అంటే నల్లోడని వెక్కిరింత. కార్టూన్‌లో ఆ పేరు ఎవరికి పెట్టారు? అందరినీ ఏడిపించి, చివరికి అందరి ముందూ బేవకూఫ్ అయ్యేవాడికి. లడ్డూలు చేసే ఆవిడ లావు కాబట్టి టున్‌టున్ మౌసీ. మోటూ పత్లూలో పోలీసు చింగమ్ సర్ నవ్వు పుట్టించేది దక్షిణాది యాసతో. రంగు, ఒళ్ళు, యాస - మూడూ మజాక్ సామానే. ముసల్మాన్ పిల్లలకు మాత్రం ఆ మజాక్‌లో కూడా జాగా లేదు.

కార్టూనే కదా, ఇంత ఫికర్ ఎందుకంటారా? పక్కింటి పిల్లాడు సలీం అనే పేరును ఎక్కడో ఒకచోట మొదటిసారి వింటాడు. స్కూల్లో పక్క బెంచీ దోస్తు నోట వింటే మంచిదే. కానీ మొహల్లాలు వేరైపోయాయి, స్కూళ్ళు వేరైపోయాయి. కార్టూన్‌లోనూ వినకపోతే ఇక మిగిలింది న్యూస్. న్యూస్‌లో మా పేర్లు ఎలాంటి ఖబర్లతో ఎక్కువగా వస్తాయో, ఆ డెస్క్ మీద ఏళ్ళ తరబడి కూర్చున్న నాకు బాగా తెలుసు.

దీనికి ఇలాజ్ ఏమిటి? పాకిస్తాన్‌లో 2013లో 'బుర్ఖా అవెంజర్' వచ్చింది. పాప్ గాయకుడు హారూన్ ఆలోచన అది. హల్వాపూర్ అనే ఊళ్ళో జియా అనే ఉస్తానీ ఆడపిల్లల స్కూల్‌ను మూయించాలని చూసేవాళ్ళతో పోరాడుతుంది. ఆమె హథియార్లు కలం, కితాబ్. ఆ సీరియల్‌కు పీబడీ అవార్డు కూడా వచ్చింది. తాలీమ్ కోసం లడాయి చేసే ఆడమనిషి హీరో కావడం నాకు ఖుషీయే. అయితే బుర్ఖాను బలానికి నిషానీగా చూపడం ఏమిటని అక్కడి ఆడవాళ్ళే కొందరు సవాల్ వేశారు. జియా పాఠం చెప్పేటప్పుడు బుర్ఖా వేసుకోదు, లడాయిలో ముఖం తెలియకుండా ఉండటానికే వేసుకుంటుందని జవాబు వచ్చింది. ఆ జవాబులో దమ్ముంది. కానీ నా బాధ వేరే. మేము తెర మీద ఉంటే బుర్ఖాతోనో టోపీతోనో ఉండాలి, లేకపోతే అసలే ఉండకూడదు. ఈ రెండింటి నడుమ దారి లేదా?

ఉంది. 1990లలో యునిసెఫ్ వాళ్ళు దక్షిణాసియా పిల్లల కోసం 'మీనా' తయారుచేశారు. మన దేశపు యానిమేషన్ ఉస్తాద్ రామ్ మోహన్ అందులో పనిచేశారు. తమ్ముడు రాజు బడికి పోతే మీనా ఇంట్లో ఉండిపోతుంది. మిఠూ అనే చిలకను బడికి పంపి, అది విని వచ్చిన లెక్కలు నేర్చుకుంటుంది. ఆ లెక్కలతోనే కోళ్ళ దొంగను పట్టిస్తుంది. మీనా బట్టలు చూసి ఆమెది ఏ దేశమో, ఏ మజహబో చెప్పలేం. కావాలనే అలా గీశారు. అందరికీ సొంత బిడ్డ అనిపించాలని. అది గొప్ప పనే. కానీ అందరి బిడ్డ కావడానికి తన మజహబ్ నిషానీలు చెరుపుకోవాల్సి రావడం కూడా ఒక కీమతే.

ఆ కీమత్ కట్టించని కథ మన దగ్గరే ఉంది. ప్రేమ్‌చంద్ రాసిన 'ఈద్‌గాహ్'. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాలాంటివాళ్ళకు హమీద్ బచ్‌పన్ దోస్తు. ఈద్ మేళాలో వాడు బొమ్మ కొనుక్కోడు. రొట్టెలు చేసేటప్పుడు దాదీ అమీనా చేతులు కాలుతున్నాయని చిమ్టా కొంటాడు. కథంతా ఈద్ ఉంది, నమాజ్ ఉంది. అయినా అది ముసల్మాన్ల గురించిన కథ కాదు, ఒక గరీబు పిల్లాడి మొహబ్బత్ కథ. రాసింది హిందూ రచయిత. ఎవరి ఇజాజత్ కోసమూ ఆగలేదు.

నేను ముసల్మాన్ సూపర్ హీరోను అడగటం లేదు. లోకాన్ని కాపాడే పని భీమ్ దగ్గరే ఉండనీయండి. భీమ్‌తో పాటు కబడ్డీ ఆడి, ఓడిపోయి, పంచాయితీ పెట్టుకుని, పొద్దుగూకితే 'అమ్మీ పిలుస్తోంది' అని ఇంటికి పరిగెత్తే ఒక హమీద్ చాలు. లడ్డూలు తినే పిల్లలకు రంజాన్ తర్వాతి పొద్దున ఒక గిన్నె షీర్‌ఖుర్మా పంపడానికి ఆ ఊళ్ళో ఒక ఇల్లు చాలు.