సూరత్ ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్: వేగం సరే, బాధ్యత ఎవరిది?

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే సూరత్ వినియోగదారుకు సాధారణంగా మూడు జవాబులు దొరుకుతాయి. కంపెనీ కాల్ సెంటర్ ‘మీ ఏరియాలో సమస్యేమీ కనిపించడం లేదు, రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి’ అంటుంది. వీధిలో తీగ లాగిన కేబుల్ ఆపరేటర్ ‘పైనుంచే సిగ్నల్ లేదు’ అంటాడు. రౌటర్ అమ్మిన షాపువాడు ‘పెట్టె బాగానే ఉంది, లైన్‌లోనే తేడా’ అంటాడు. ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేల్చుకునే సాధనం మాత్రం డబ్బు కట్టిన మనిషి చేతిలో ఉండదు. ఇంటి ఇంటర్నెట్ గురించి మన చర్చంతా ఎన్ని ఎంబీపీఎస్, నెలకు ఎంత అన్న దగ్గరే ఆగిపోతోంది. అసలు చిక్కు లైన్ పాడైనప్పుడు బాధ్యత ఎవరిదన్న చోట ఉంది.

సూరత్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు వినిపించడం అక్కడివారికి వింతేమీ కాదు. సూరత్ మున్సిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మరమగ్గాల మీద మొదలైన ఈ కుటుంబాల్లో తర్వాతి తరం చీరల వ్యాపారంలోకి, ఆఫీసు ఉద్యోగాల్లోకి, చదువుల్లోకి వచ్చింది. చీరల ఫొటోలు వాట్సాప్‌లో వెళ్తున్నాయి, ఆర్డర్లు, చెల్లింపులు ఫోన్‌లోనే నడుస్తున్నాయి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్ రోజువారీ అలవాటైంది. ఇలాంటి ఇంట్లో మూడు రోజులు లైన్ లేకపోతే సినిమా చూడలేకపోవడంతో నష్టం ఆగదు.

తీగకూ మొబైల్‌కూ తేడా

ఫోన్‌లో డేటా ఉండగా ఇంట్లో తీగ ఎందుకని చాలామంది అడుగుతారు. ట్రాయ్ లెక్కల ప్రకారం 2024 చివరికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు దాదాపు 94 కోట్లు. వారిలో తీగ ద్వారా కనెక్షన్ ఉన్నవారు 4 కోట్లకు కాస్త పైన మాత్రమే. అంటే మన దేశంలో ఇంటర్నెట్ ప్రధానంగా మొబైల్ ఇంటర్నెటే.

ఈ రెండింటి మధ్య తేడా గుజరాత్‌కు 2015లో బాగా తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 25న అహ్మదాబాద్‌లో పాటీదార్ సభ తర్వాత ఘర్షణలు చెలరేగడంతో సూరత్ సహా రాష్ట్రంలో మొబైల్ ఇంటర్నెట్‌ను ఆపేశారు. దాన్ని సవాలు చేసిన పిటిషన్‌ను గుజరాత్ హైకోర్టు కొట్టేసింది. ఆపింది మొబైల్ డేటానే, బ్రాడ్‌బ్యాండ్, వైఫై ద్వారా ఇంటర్నెట్ అందుబాటులోనే ఉందన్న అంశాన్ని కోర్టు పరిగణించింది. చట్టం దృష్టిలో ఆ వాదన సరిపోయి ఉండవచ్చు. కానీ ఇంట్లో తీగ ఉన్నవారి పని సాగింది, ఫోన్ ఒక్కటే ఆధారంగా బతికేవారి పని ఆగింది. అద్దె గదిలో ఉండే మగ్గం కార్మికుడు ఈ రెండో వర్గం. ఆరు నెలల చందా ముందే కట్టాలన్నా, గోడకు రంధ్రం వేయడానికి యజమాని ఒప్పుకోవాలన్నా అతనికి కష్టమే.

వంద ఎక్కడ తగ్గుతుంది?

కనెక్షన్ ఉన్న ఇంటికి వద్దాం. ఫైబర్ లైన్ అంటే మన ఒక్క ఇంటికే వేసిన దారి అనుకుంటాం. నిజానికి ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆపరేటర్ దగ్గరి నుంచి వచ్చే ఒక ఫైబర్‌ను స్ప్లిటర్ అనే చిన్న పరికరం 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. ఆ ఫైబర్ మొత్తం సామర్థ్యం దిగువకు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25 గిగాబిట్లు. అందరూ ఒకేసారి నిండా వాడరన్న అంచనా మీదే 100, 200 ఎంబీపీఎస్ ప్లాన్లు అమ్ముతారు. ఆ అంచనాలో మోసమేమీ లేదు. కానీ రాత్రి తొమ్మిది గంటలకు వీధి అంతా వీడియో చూస్తున్నప్పుడు, ఆపరేటర్ పైనుంచి కొన్న సామర్థ్యం చాలకపోతే వేగం పడిపోతుంది. ప్రకటనలో కనిపించే ‘వరకు’ అన్న చిన్న మాట పనికొచ్చేది అప్పుడే.

రెండో మెట్టు ఇంటి లోపల ఉంది. అపార్ట్‌మెంటులో పక్క పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంటే అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే: 1, 6, 11. ఇరవై రౌటర్లు ఆ మూడింటిలో ఇరుక్కుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగమూ ఎక్కువ. కానీ కాంక్రీటు గోడ దాటాక ఆ సంకేతం త్వరగా బలహీనపడుతుంది. మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను ఒక సాయంత్రం పరీక్షిస్తే తీగతో కలిపిన ల్యాప్‌టాప్‌లో 94 వచ్చింది, వెనక గదిలో ఫోన్‌లో 18 వచ్చింది. ఆ తేడా మొత్తం ఇంటి లోపలిదే. దానికి ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు.

కాబట్టి ఫిర్యాదు చేసే ముందు ఎవరైనా చేయదగిన పని ఒకటుంది. ఫైబర్ వచ్చి చేరే పెట్టెకు ల్యాన్ కేబుల్‌తో కంప్యూటర్‌ను కలిపి వేగం చూడాలి. అక్కడా తక్కువ వస్తే సమస్య ఆపరేటర్‌ది. అక్కడ పూర్తి వేగం ఉండి గదిలో లేకపోతే సమస్య వైఫైది. పెట్టె మీద ‘లాస్’ అని రాసిన ఎర్ర దీపం వెలిగితే ఫైబర్ ఎక్కడో తెగిందని లేదా వంగిపోయిందని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి పెట్టినా ప్రయోజనం ఉండదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా కొలిచిన ప్రతిసారీ 94 దగ్గరే ఆగుతుంటే, పెట్టెకున్న పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయ్యుండవచ్చు, లేదా కేబుల్‌లో ఒక జత తెగి ఉండవచ్చు.

కరెంటు సంగతి వేరే. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు విద్యుత్తు ఎక్స్చేంజి బ్యాటరీల నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. గాజు తీగలో విద్యుత్తు రాదు. వానాకాలంలో ఖాడీలు పొంగి వీధిలో కరెంటు తీసేస్తే, అత్యవసరంగా ఫోన్ కావాల్సిన వేళే పెట్టె ఆరిపోతుంది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి దీనికి సరిపోతుంది. కానీ కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ.

పెట్టె ఎవరిది?

కనెక్షన్‌తో పాటు ఇచ్చే ఓఎన్‌టీ పెట్టె సాధారణంగా కంపెనీ ఆస్తి. దాని సీరియల్ నంబరు ఆపరేటర్ వ్యవస్థలో నమోదై ఉంటేనే లైన్ పనిచేస్తుంది. చాలా చోట్ల అందులోని సెట్టింగ్‌ల పాస్‌వర్డ్ కూడా వినియోగదారుకు ఇవ్వరు. చానల్ మార్చుకోవాలన్నా, లైన్‌లో కాంతి ఎంత బలంగా వస్తోందో చూడాలన్నా టెక్నీషియన్ రావాల్సిందే. కంపెనీ మారితే ఆ పెట్టె తిరిగి ఇచ్చేయాలి, కొత్తది తెచ్చుకోవాలి. మొబైల్ నంబరును మరో కంపెనీకి మార్చుకునే సౌకర్యం దేశమంతటా 2011 నుంచి ఉంది. ఇంటి ఇంటర్నెట్‌కు అలాంటిదేమీ లేదు.

జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి వినియోగదారు తనకు నచ్చిన రౌటర్ పెట్టుకునే హక్కును చట్టం చేసింది. లైన్ గోడ వరకు కంపెనీది, ఆ తర్వాత ఇంటివాళ్లదన్నది అక్కడి సూత్రం. అమెరికాలో ఇంతకన్నా చాలా ముందే, 1968లో, సొంత పరికరాన్ని టెలిఫోన్ లైన్‌కు కలుపుకోవచ్చని నియంత్రణ సంస్థ తేల్చింది. తర్వాతి కాలంలో మోడెమ్‌లు ఇంటింటికీ చేరడానికి ఆ నిర్ణయం దారి వేసింది.

దీనికి ఒక ప్రతివాదన ఉంది, అది తీసిపారేయదగినది కాదు. అందరి చేతికీ పెట్టె తాళం ఇస్తే భద్రత ఏమవుతుందన్నది ఆ ప్రశ్న. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో సుమారు 5 లక్షల పరికరాలకు సోకింది. ఇళ్లలో రౌటర్లను ఒకసారి ఆపి పెట్టమని అమెరికా ఎఫ్‌బీఐ బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్, మార్చని పాస్‌వర్డ్ ఉన్న పెట్టె ఎవరిదైనా ప్రమాదమే. అయితే తాళం కంపెనీ దగ్గర ఉన్నప్పుడు, దాని సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించే పూచీ కూడా కంపెనీదే కావాలి. ప్రస్తుతం అధికారం ఒకరి దగ్గర, నష్టం మరొకరికి అన్నట్టుగా ఉంది.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగం 2004లో 256 కేబీపీఎస్. 2013లో 512 కేబీపీఎస్ అయింది. 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ప్రకటనల్లో 100, నిర్వచనంలో 2. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే వినియోగదారు ఫిర్యాదు తప్పిపోతోంది.

మరమ్మతు విషయంలో నిబంధనలు అంత బలహీనంగా లేవు. మూడు పనిదినాలు దాటినా లైన్ బాగుచేయకపోతే ఏడు రోజుల చందా, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెలది తగ్గించాలని ట్రాయ్ 2006లోనే చెప్పింది. ఉదాహరణకు నెలకు 600 రూపాయల ప్లాన్‌లో నాలుగు రోజులు లైన్ లేకపోతే 140 రూపాయలు తిరిగి రావాలి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాణ్యతా నిబంధనలు ఆ పాతవాటి స్థానంలోకి వచ్చాయి. మూడు రోజులు దాటిన లోపానికి పోస్ట్‌పెయిడ్, ప్రీపెయిడ్ తేడా లేకుండా పరిహారం ఇవ్వాలన్న సూత్రం వాటిలోనూ ఉంది.

ఆచరణలో గడియారం మొదలయ్యేది ఫిర్యాదు నంబరు పుట్టినప్పుడే. కేబుల్ ఆపరేటర్‌కు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌కు నంబరు ఉండదు. అతను రేపు వస్తానంటే వారం గడుస్తుంది, కంపెనీ రికార్డులో మాత్రం లోపమే లేదు. అందుకే ముందు కాల్ సెంటర్‌లోనో యాప్‌లోనో నమోదు చేసి, ఆ తర్వాతే ఆపరేటర్‌ను పిలవడం మంచిది. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో అదే కంపెనీ అప్పిలేట్ అధికారికి వెళ్లవచ్చు. ఆ అధికారి 39 రోజుల్లో తేల్చాలి. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ స్వయంగా విచారించదు. ఆ పైన వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు ఆ కమిషన్ల పరిధిలోకి రావన్న కంపెనీ వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న తోసిపుచ్చింది. ఆ కేసు మొదలైంది కూడా గుజరాత్‌లోనే. నెలకు సగటున 555 రూపాయలు వచ్చే మొబైల్ బిల్లు ఒక్కసారిగా 24,609 రూపాయలకు చేరడంతో ఒక వినియోగదారు అహ్మదాబాద్ జిల్లా ఫోరానికి వెళ్లారు.

అయితే 140 రూపాయల కోసం ఎవరు కమిషన్ మెట్లెక్కుతారు? కంపెనీలకు ఉన్న ధీమా ఇదే. చిన్న చిన్న మొత్తాలు లక్షల ఇళ్లలో వదిలేస్తే చివరకు పెద్ద మొత్తమే అవుతుంది.

ఇది గుజరాత్‌కే పరిమితమైన కథ కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ ఇస్తామంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ వేసి ఖర్చు తగ్గించింది. అక్కడా ఇంటి గుమ్మం వరకు చివరి అంచె నడిపేది కేబుల్ ఆపరేటరే. ప్రభుత్వమైనా, ప్రైవేటైనా, ఆ చివరి వంద మీటర్లకు జవాబుదారీ ఎవరో రాసి పెట్టకపోతే ధర తగ్గినా ఇబ్బంది తగ్గదు.

చేయాల్సినవి మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, లైన్ తెగిన సంగతి కంపెనీ వ్యవస్థకు వెంటనే తెలుస్తుంది కాబట్టి, ఫిర్యాదుతో పని లేకుండానే పరిహారం తర్వాతి బిల్లులో జమ కావాలి. రెండు, పెట్టెలోని కనీస సమాచారం, అంటే లైన్ బలం, లోపాల చరిత్ర, వైఫై సెట్టింగ్‌లు, వినియోగదారుకు కనిపించాలి. ఇష్టమైతే సొంత రౌటర్ కలుపుకునే వీలుండాలి. మూడు, కాల్ సెంటర్ భాషను రాష్ట్రాన్ని బట్టి కాకుండా చందాదారును బట్టి నిర్ణయించాలి. లింబాయత్‌లోని తెలుగు ఇంటికి గుజరాతీ, హిందీ వచ్చి ఉండవచ్చు. కానీ ఇంట్లో ఒంటరిగా ఉండి ఎర్ర దీపం చూస్తున్న పెద్దావిడకు రాకపోవచ్చు. దేశమంతా కనెక్షన్లు అమ్మే కంపెనీకి తెలుగులో ఒక ఫిర్యాదు తీసుకోవడం భారం కాదు. ఈ మూడింటిలో మొదటిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఉన్న నిబంధనను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాయమని ట్రాయ్ ఆదేశిస్తే చాలు.