అమ్మని ఇంటికి అమ్మకపు ధరపై పన్నా?

ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 ఏప్రిల్ నుండి ఇంటిపన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ కాదు, మూలధన విలువ. అనగా ఇల్లు ఎంత అద్దె తేగలదన్నది కాక, స్థలమూ కట్టడమూ రిజిస్ట్రేషన్ లెక్కల్లో ఎంత పలుకుతాయన్నదే కొలమానం. పాత బస్తీ సందులో తాతలనాటి ఇంట కాపురమున్న దర్జీకి ఆ విలువ కాగితం మీది సొమ్మే. ఏటా పెంపు 15 శాతం మించదనుట ఊరటయట! అంతే పెరిగినా ఐదేళ్లలో పన్ను రెట్టింపు. దర్జీ కూలి రెట్టింపగుచున్నదా? యజమాని నివసించే చిన్న ఇళ్లకు అద్దె విలువనే ప్రాతిపదికగా పునరుద్ధరించాలి. అంతవరకు మనమూ మౌనం వహించరాదు. ప్రత్యేక నోటీసు రాగానే వైశాల్యం, కట్టడపు రకం, వాడుక సరిచూసుకొని, తప్పుంటే గడువులోగా రివిజన్ పిటిషన్ వేసి రసీదు పొందాలి. ప్రతి మహల్లాలో చదువుకున్న యువకులు ఈ నోటీసులను పెద్దలకు చదివి వినిపించాలి.