సారంటే భయమా, సారు మనోడా?

జగిత్యాల జిల్లా బుగ్గారంలోనైనా, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పీఈటీ సారు గురించి పిల్లలనే మాటలు రెండే: ‘సారంటే భయం’, ‘సారు మనోడు’. జట్టు కుదురుకునేది దేనితో?

భయం కావాలనేవాళ్లు బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్‌ను చూపిస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆయన శిష్యురాలు సింధు చేతిలో ఫోన్ లేదు. రజతం గెలిచాకే తిరిగిచ్చారు. నిజమే. కానీ ఆయన దగ్గరే ఎదిగిన సైనా 2014లో బెంగళూరు వెళ్లి, విమల్ కుమార్ శిక్షణలో మరుసటి ఏడాది ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. ఈ ఇద్దరు కోచుల్లో ఎవరు గొప్పంటే ఏం చెప్తాం? పైగా ఫోన్ వదిలేసిన సింధుకు ఎదురుగా ఒలింపిక్స్ ఉంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఉన్నది మండల స్థాయి పోటీ, ఇంటికెళ్తే పొలం పని. మరీ బిగిస్తే రేపటి నుంచి గ్రౌండుకే రాడు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ సంగతి ఇంకా చిక్కు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాపై 2-1తో భారత్‌కు స్వర్ణం వచ్చింది. గెలిచారు కాబట్టి దాన్ని నమ్మకం అంటున్నాం. బడి పిల్లాణ్ని అట్లా దింపితే నేనైతే ఒప్పుకోను.

అట్లని ‘మనోడు’ సారుతోనూ అంతా బాగుండదు. సీనియర్లు ఆలస్యంగా వచ్చినా ఏమనడు. నీళ్లు మోసేది, గీతలు గీసేది ఎప్పుడూ చిన్నోళ్లే. ఎవరూ ఎవర్నీ తిట్టరు గానీ, నెల తిరిగేసరికి చిన్నోళ్లు మానేస్తారు.

మరి జట్టు కుదురుకునేది దేనితో? కబడ్డీనే చూడండి. అందులో ఔటైనవాడు తనంతట తాను లోపలికి రాలేడు. తోటివాళ్లు ఎదుటివాణ్ని ఔట్ చేస్తేనే, ఔటైన వరుసలో, వస్తాడు. బయట కూర్చున్న ఆ కాసేపు వాడితో సారు ఎట్లా ఉంటాడన్నదే నాకు ముఖ్యం. వేళ తప్పితే కెప్టెన్‌కైనా కొత్తవాడికైనా ఒకటే శిక్ష వేయాల్సిందే, అక్కడ మెత్తదనం పనికిరాదు. కూతకు పోయి దొరికినవాణ్ని మాత్రం ఊరందరి ముందు తిట్టొద్దు. తిట్లు తిన్నవాడు తర్వాతి కూతలో, దాటక తప్పని బాక్ లైన్ దాటి, ఎవర్నీ ముట్టకుండా వెనక్కొచ్చేస్తాడు. రెండు కూతలు అట్లా ఖాళీగా పోయాయంటే మూడోదానికి పాయింటు తేవాల్సిందే. అప్పుడు సారు అందరి మొహాలూ చూస్తాడు. నేను పోతా సార్ అనేవాడు ఒక్కడూ ఉండడు.