చేతులు మారే కార్లు, మారని పేర్లు

కారు అమ్మి, తాళంచెవులు అప్పగించి, డబ్బు లెక్క చూసుకున్న మరుక్షణం ఆ వాహనంతో తన సంబంధం తెగిపోయిందని సగటు విక్రేత భావిస్తాడు. మోటారు వాహనాల చట్టం అలా భావించదు. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని 1988 నాటి ఈ చట్టంలోని 2(30) సెక్షన్ నిర్వచిస్తోంది. సి-బుక్కుగా జనం పిలుచుకునే రిజిస్ట్రేషన్ పత్రం పోయిన పాత కారును మధ్యవర్తులు లేకుండా అమ్ముకునేవారు చిక్కుల్లో పడేది సరిగ్గా ఇక్కడే.

విచిత్రమేమంటే పత్రం లేనంత మాత్రాన అమ్మకం చెల్లకపోదు. కారు చరాస్తి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం ఉభయులూ ఒప్పందానికి వచ్చి వస్తువును అప్పగిస్తే సాధారణంగా హక్కు బదిలీ అయినట్లే. ఇంటికో, పొలానికో మాదిరిగా సబ్ రిజిస్ట్రార్ ఎదుట దస్తావేజు రాయించనక్కరలేదు. 'కాగితాల సంగతి తరువాత చూసుకుందాం' అనే మాట ఇంత ధీమాగా వినిపించడానికి ఈ వెసులుబాటే మూలం. అయితే అది అమ్మినవానికి, కొన్నవానికి మధ్య మాత్రమే పనిచేస్తుంది. వీధిలో ఆ కారు కింద పడిన మూడో మనిషికి దానితో నిమిత్తం లేదు.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని నిర్ద్వంద్వంగా తేల్చింది. ఆ కేసులో 2007లో అమ్ముడైన కారు వరుసగా పలువురి చేతులు మారింది. రికార్డులో మాత్రం మొదటి యజమాని పేరే మిగిలింది. 2009లో జరిగిన ప్రమాదంలో ఒకరు మరణించారు. పరిహారం బాధ్యతను హైకోర్టు చివరిసారి కొన్న వ్యక్తిపై మోపగా, సర్వోన్నత న్యాయస్థానం దానిని తోసిపుచ్చి రిజిస్టర్‌లోని యజమానినే బాధ్యుణ్ణి చేసింది. కారు ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఆరా తీస్తూ తిరగవలసిన అగత్యం బాధితులకు ఉండరాదన్నది న్యాయస్థానం తర్కం. బాధితుల కోణంలో ఇది న్యాయమే. రెండేళ్ల క్రితమే కారు వదిలించుకున్నానని నమ్మిన వ్యక్తికి మాత్రం పిడుగుపాటు.

ప్రమాదాలే కాదు, నేర పరిశోధన కూడా రిజిస్టర్‌తోనే మొదలవుతుంది. 2025 నవంబరు 10న ఢిల్లీలో ఎర్రకోట సమీపాన పేలిన కారు అప్పటికే పలు చేతులు మారింది. పోలీసులు మొదట తలుపు తట్టింది మాత్రం హర్యానాలో దాని పాత యజమాని ఇంటినే.

ఇక పత్రం లేకపోవడం అంటే అన్ని సందర్భాల్లోనూ ఒకటే కాదు. నిజంగా పోయినా, చిరిగిపోయినా పరిష్కారం సులువే. పోయిన ప్రాంతంలోని పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, చివరిగా రిజిస్టర్ చేసిన కార్యాలయంలో 26వ నంబరు ఫారంపై నకలు పత్రం కోరవచ్చు. కారు అప్పుపై కొన్నదైతే రుణదాత సమ్మతి కూడా కావాలి. అమ్మకానికి ముందు చేయవలసిన ఈ పనిని కొన్నవాడి నెత్తిన రుద్దడం సర్వసాధారణమైపోయింది. కానీ నకలు కోరే హక్కు రికార్డులో ఉన్న యజమానిదే. అతను ఊరు మారితే, ఫోను ఎత్తకపోతే కొన్నవాడు చేయగలిగింది బహుస్వల్పం.

పత్రం పోలేదు, మరొకరి చేతిలో ఉంది అన్న సందర్భమే అసలు ప్రమాదకరం. బాకీ తీరని రుణసంస్థ వద్ద ఉండవచ్చు. లేదా కారు దొంగసొత్తే కావచ్చు. తనకు లేని హక్కును అమ్మినవాడు ఇవ్వజాలడు కాబట్టి, అటువంటి కారుకు పెట్టిన సొమ్ము నీళ్లలో పోసినట్లే. ఇంజను, ఛాసిస్ నంబర్లను వాహన్ రికార్డుతో సరిచూసుకోకుండా కేవలం ధర తగ్గిందని సంబరపడటం అవివేకం. యజమాని మరణించిన కారు మరో తరహా. వారసుడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేస్తే మూడు నెలల వరకు దానిని వాడుకోవచ్చు. ఆ గడువులోగా 31వ ఫారంతో పేరు మార్పించుకోవాలి. చాలా కుటుంబాల్లో ఆ దశ దాటకుండానే కారు అమ్మకానికి వస్తుంది. 2021లో నామినీ పేరు నమోదుకు నిబంధనలు అవకాశమిచ్చినా దానిని వాడుకోవాలన్న స్పృహ తక్కువ.

బదిలీ గడువులు చట్టంలో స్పష్టంగానే ఉన్నాయి. అదే రాష్ట్రంలో అమ్మితే విక్రేత 14 రోజుల్లో 29వ ఫారంపై సమాచారమివ్వాలి. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. రాష్ట్రం దాటితే విక్రేతకు 45 రోజుల వ్యవధి, దానితోపాటు నిరభ్యంతర పత్రం గొడవ. 2014 విభజనకు ముందు హైదరాబాదులో కొన్న కారును విజయవాడలోని బంధువుకు అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది. ఒకప్పుడు ఒకే రాష్ట్రమన్న వాదన చెల్లదు. ఆచరణలో జరిగేది వేరు. తేదీ వేయని ఫారాలపై సంతకాలు తీసుకుని, నాలుగో కొనుగోలుదారు దొరికేదాకా అట్టేపెట్టుకోవడం మార్కెట్టులో రివాజు. కొన్నవాడికి ఫీజు ఆదా. సంతకం పెట్టినవాడికి నిద్ర కరవు.

కేంద్రం 2022 డిసెంబరులో తెచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన నిబంధనలు ఈ జాడ్యానికి కొంత మందు వేశాయి. అధీకృత డీలరుకు కారు అప్పగించి 29-సి ఫారం దాఖలు చేస్తే ఆపై డీలరే యజమానిగా పరిగణన పొందుతాడు. పరిచయస్తుడికి, పొరుగింటివాడికి నేరుగా అమ్మేవారికి మాత్రం ఈ రక్షణ లేదు. విక్రేత ఇచ్చిన సమాచారం ఆధారంగా రికార్డులో 'అమ్మకం జరిగింది, బదిలీ పెండింగు' అని వెంటనే నమోదు చేసి, కొన్నవాడి పేరు కూడా చేర్చే పద్ధతి ఉంటే పోలీసులకూ, బాధితులకూ ఆచూకీ సులభమవుతుంది. వాహన్ వ్యవస్థకు అది అసాధ్యమైన పని కాదు. ఆలోగా డబ్బు అందిన రోజే రసీదు రాసుకుని, కొన్నవారి గుర్తింపు పత్రాల నకళ్లు ఉంచుకుని, 29వ ఫారం దాఖలు చేసిన రుజువు భద్రపరచుకోవాలి. నెల తిరిగాక రికార్డులో పేరు మారిందో లేదో విక్రేతే చూసుకోక తప్పదు.