కంప్యూటర్ కబుర్లు: ‘అమ్మ’కు 128 కలిపితే...

“మా మనవడు బడిలో కన్నడం చదువుతున్నాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గాని అక్షరాలు రావు. నేను కంప్యూటర్లో తెలుగులో టైపు చేసిన ఉత్తరం వాడంతట వాడే చదువుకునే దారి ఉందా?” అని మల్లేశ్వరం నుంచి ఒక సభ్యురాలు అడిగారు. బెంగుళూరులో చాలా తెలుగు ఇళ్ళలో ఉన్న బాధే ఇది. దారి ఉంది. ఒక్క కూడిక చాలు!

కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది. యూనికోడ్ లెక్కలో మన ‘అ’ 3077. ‘అమ్మ’ అంటే నాలుగు సంఖ్యలు: 3077, 3118, 3149, 3118. (మధ్యలో 3149 ఏమిటంటారా? అది పొల్లు. దాని వల్లే రెండో ‘మ’ ఒత్తవుతుంది.) ఒక్కొక్కదానికి 128 కలపండి. 3205, 3246, 3277, 3246. అదే కన్నడ లిపిలో అమ్మ!

ఇది కాకతాళీయం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ‘ఇస్కీ’ పద్ధతిలో తెలుగు, కన్నడ, దేవనాగరి ‘అ’లన్నిటికీ ఒకటే సంఖ్య, 164. ఏ లిపిలో చూపాలో విడిగా చెప్పాలి. యూనికోడ్ వారు అంతకుముందటి 1988 ఇస్కీ వరుసనే తీసుకొని, లిపికి 128 చొప్పున గదులు కేటాయించారు. మన వీధిలోలాగే అక్కడా మన పక్కిల్లు కన్నడమే.

ఇది చూసి తెలుగు అక్షరాలు నేర్పడం మానకండి సుమా! రెండు ప్రతులూ పక్కపక్కన పెడితే, తేడా ఎక్కువగా తలకట్టు దగ్గరేనని పిల్లవాడే పట్టుకుంటాడు.

అయితే ఉత్తరంలో ఉన్నవన్నీ తెలుగు అక్షరాలు కావు. “సాయంత్రం 5 గంటలకు ఫోను చెయ్యి.” అని అమ్మమ్మ రాసిందనుకోండి. అక్కడి 5 లెక్కలోని అయిదు కాదు, ‘5’ అనే గుర్తు. దాని సంఖ్య 53. గుడ్డిగా 128 కలిపితే 181, అంటే మైక్రో గుర్తు! చివరి చుక్క 46 కాస్తా 174 అయి, రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్కు గుర్తవుతుంది. కాబట్టి 3072 నుంచి 3199 వరకు ఉన్నవాటికే కలపాలి, తక్కినవి ముట్టుకోకూడదు.

మన ఊళ్ళో ఇంజనీరు లేని ఇల్లు అరుదు గనక, ఈ నాలుగు వరుసల ప్రోగ్రాము పిల్లల చేత రాయించుకోండి. పైథాన్‌లో ‘ఓ.ఆర్.డీ.’ అక్షరాన్ని సంఖ్య చేస్తుంది, ‘సీ.హెచ్.ఆర్.’ దాన్ని తిరిగి అక్షరం చేస్తుంది. ‘ఇంట్’ వాడితే మాత్రం ‘5’ నిజంగానే లెక్కలోని అయిదవుతుంది. ఫోను నంబరును అలా మార్చారో, 080లో ముందు సున్న ఎగిరిపోయి 80 మిగులుతుంది. ఫోను నంబర్లను కూడేదీ లేదు, తీసివేసేదీ లేదు. అక్షరాలుగానే ఉంచండి.

ఇంకొక్కటి. ‘ౘ’, ‘ౙ’ రాసే అలవాటుంటే ముందుగా ‘చ’, ‘జ’ చేసుకోండి. వాటికి ఎదురుగా కన్నడం వైపు గదులు ఖాళీ.