పుండు మానినది, మూత్రము చూచితిమా?

ఏటేట పెరటాసి మాసమున చెన్నకేశవస్వామి ఆలయమునుండి తిరుమల గొడుగులు బయలుదేరును. మనవారిలో కొందఱు చెప్పులు లేకయే కొండవఱకు నడచుదురు. వారి భక్తిని మేము తప్పుపట్టము. కాని మధుమేహము గల పెద్దలకు అరికాలిలో పొక్కు లేచి పుండగుటయు, దానికి పసుపు పెట్టియో పాత మందుచీటితో మాత్రలు కొనియో సరిపుచ్చుకొనుటయు మన యిండ్లలో క్రొత్త గాదు.

కొన్నాళ్లకు తెల్లవారుసరికి ముఖము ఉబ్బును. మూత్రము కాఫీ డికాక్షను రంగున వచ్చును. ఉప్పెక్కువైనదనియో, వయసు మీఱినదనియో ఇంటివారు సమాధానపడుదురు. నిజమునకు, క్రిములను ఎదుర్కొనుటకు దేహము పుట్టించిన పదార్థములే క్రిముల యంశములతో పెనగొని, మూత్రపిండములలోని సన్నని వడపోత నాళములలో చిక్కుకొని అచ్చట శోథ కలిగించుచున్నవి. గొంతునొప్పి పిమ్మట ఇది ఒకటి మొదలు మూడు వారములకు, చర్మపు పుండు పిమ్మట ఇంకను ఆలస్యముగ కనిపించును. స్టెఫిలోకాకస్ క్రిమి వలన నైనచో పుండు మానకమునుపే రావచ్చును.

ఇది పిల్లల జబ్బు, దానంతటదే పోవునని ఒక నమ్మకము కలదు. పిల్లల విషయమున అది చాలవఱకు నిజమే. పెద్దలలో, అందును మధుమేహము గల వృద్ధులలో, పలువురికి మూత్రపిండముల శక్తి మునుపటివలె తిరిగి రాదు. కొందఱు డయాలిసిస్ పాలగుదురు. ఎవరికి ముప్పు హెచ్చో గుర్తించుటకై మన మద్రాసు వైద్యకళాశాల వైద్యులే ఇట్టి పెద్దలను కొంతకాలము పరిశీలించి 2014లో ఫలితములను ప్రకటించిరి.

మఱి మన శిబిరములలో జరుగుచున్నదేమి? చక్కెర, రక్తపుపోటు చూచి పంపివేయుదురు. మూత్రపరీక్ష ఏల ఉండరాదు? ఒళ్లువాపునకును మూత్రములోని ఆల్బుమిన్‌కును చెడిన మూత్రపిండములకును గల సంబంధమును లండను గై ఆసుపత్రి వైద్యుడు రిచర్డు బ్రైటు 1827లోనే ప్రకటించెను. ఆయనకు చెంచాయు, క్రొవ్వొత్తియు చాలినవి! నేడు మూత్రములో ఒక పట్టీ ముంచినచో నిమిషములలో తెలియును. రాబోవు శిబిరమున ఈ పరీక్షను తప్పక చేర్చవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. పుండుతో వచ్చినవారి పాదములను గూడ విప్పి చూడవలయును.

ముఖము ఉబ్బినవారు నొప్పిమాత్రలు మ్రింగక, ఆ దినముననే వైద్యుని చూడవలయును. చికిత్స ముగిసి ఇల్లు చేరిన పిమ్మటను రక్తములో క్రియాటినిన్, మూత్రములో మాంసకృత్తు నెలల తరబడి చూపించుకొనుట అవసరము. వాపు తీసినదని అంతటితో మానివేయువారే మనలో ఎక్కువ.